కుమ్మరి కుండను విసురుతాడా?

"అమ్మా, కుమ్మరి కుండను విసురుతాడా?" అని మా అమ్మాయి అడిగితే పోపు వేస్తున్నదాన్నల్లా ఫక్కున నవ్వేశాను. దాని ఇంగ్లీషు పుస్తకంలో అలాగే ఉందిట. సారె మీద కుండ చేయడాన్ని 'త్రో' అన్నారు. అచ్చుతప్పై ఉంటుందిలే అన్నాను. "నీకేం తెలుసమ్మా, ఇంటర్‌తో ఆపేశావుగా" అనేసి స్కూలుకి వెళ్ళిపోయింది. ఆ మాట కాస్త గుచ్చుకుంది సుమండీ. మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, మాటల పుట్టుక చెప్పే పెద్ద నిఘంటువు ముందేసుకు కూర్చున్నాను.

అచ్చుతప్పు కానే కాదు! వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో త్రో అంటే విసరడం కాదట; తిప్పడం, మెలిపెట్టడం. లోకమంతా అర్థం మార్చేసుకున్నా, సారె తిప్పే కుమ్మరి మాత్రం పాత మాటను వదల్లేదన్నమాట. పట్టు పనివాళ్ళూ అంతే. పట్టుపోగులకు పురి ఎక్కించడాన్ని వాళ్ళు 'త్రోయింగ్' అంటారు, ఆ పని చేసే మనిషి 'త్రోస్టర్'. ఇంగ్లండులో డెర్బీ ఊళ్ళో 1721లో పూర్తయిన పేరున్న పట్టు మిల్లు ఈ పురి పెట్టే మిల్లే. నీటి చక్రంతో నడిచేది. మనం రోజూ సూదిలోకి ఎక్కించే దారం ఉందే, 'థ్రెడ్', అది కూడా త్రో అనే మాటకు తోబుట్టువేనట!

మరి తిప్పడం కాస్తా విసరడం ఎలా అయింది? రాయిని గిరగిరా తిప్పి వదులుతాం కదా, అందుకు అయి ఉండొచ్చని పండితుల ఊహ. చేలల్లో పిట్టల్ని తోలే వడిసెలను చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అన్నట్టు, మన 'విసరడం' సంగతి చూడండి. రాయి విసురుతాం, విసనకర్ర విసురుతాం, తిరగలి కూడా విసురుతాం! దాని పేరే విసుర్రాయి, ఇంకొన్ని చోట్ల ఇసుర్రాయి. తిప్పడానికీ పారేయడానికీ ఒకటే మాట. ఇన్నేళ్ళూ అంటున్నా నాకెప్పుడూ తట్టలేదు.

మరి ఆ రోజుల్లో విసరడానికి ఇంగ్లీషువాళ్ళు ఏమనేవారు? ఇదింకా తమాషా. 'వార్ప్' అనేవారు. ఇప్పుడు వార్ప్ అంటే వంకర తిరగడం, వానాకాలంలో మన తలుపు చెక్కల్లాగ. మెలిపెట్టే మాట వెళ్ళి విసిరే మాటయింది, విసిరే మాట వచ్చి మెలితిరిగింది! ఇద్దరు తోడికోడళ్ళు చీరలు మార్చుకున్నట్టు లేదూ? నేతలో పడుగును కూడా వార్ప్ అనే అంటారు, అదీ ఆ విసిరే మాటలోంచి వచ్చిందే. జర్మన్ భాషలో ఈ మాట ఇప్పటికీ విసరడమనే అర్థంతోనే ఉంది. నేల కింద బొరియలు తవ్వి మట్టిని పైకి ఎగజిమ్మే ఒక చిన్న జంతువుంది, 'మోల్' అంటారు. దాని పాత పేరు 'మోల్డ్‌వార్ప్', అంటే మట్టి విసిరేది. షేక్‌స్పియర్ నాల్గవ హెన్రీ నాటకం మొదటి భాగంలో ఈ మాట వాడాడు.

పడుగు దాకా వచ్చాక నాడెను వదలడం ఎలా? 'షటిల్' అంటే పాత ఇంగ్లీషులో బాణం, విసిరే ఆయుధం. దారాల మధ్య దూసుకుపోతుంది కనుక నాడెకు ఆ పేరు. 1733లో జాన్ కే అనే ఆయన తాడు లాగితే అటూ ఇటూ పరుగెత్తే నాడెను కనిపెట్టేదాకా చేత్తో విసరాల్సిందే. పిల్లలు ఆడే షటిల్ కూడా ఇందులోంచి వచ్చిందే.

ఇంకా ఉన్నాయి. మునిగేలా ఉన్న ఓడను తేలిక చేయడానికి సముద్రంలో పారేసిన సరుకు 'జెట్సమ్'. 'షై' అంటే సిగ్గు అనే మనకు తెలుసు, విసరడం అనే అర్థమూ ఉందట. ఒకప్పుడు అక్కడ పండగ పూట కోడిని కట్టేసి కర్రలు విసిరేవారు. పాపిష్టి సరదా! ఇప్పుడు తిరునాళ్ళలో కొబ్బరికాయల మీదకి బంతులు విసురుతారు, పడగొడితే కాయ మనదే. దాని పేరు 'కోకోనట్ షై'.

అన్నిటికంటే పొడుగాటిది 'డీఫెనెస్ట్రేషన్', కిటికీలోంచి మనిషిని పారేయడం! 1618 మే 23న ప్రేగ్ కోటలో ఇద్దరు రాజప్రతినిధుల్ని, వాళ్ళ కార్యదర్శిని అలాగే తోసేశారు. దాదాపు 70 అడుగుల ఎత్తు, అయినా ముగ్గురూ బతికి బయటపడ్డారు. అక్కడ మొదలైన యుద్ధం మాత్రం 30 ఏళ్ళు సాగింది.

సాయంత్రం మా అమ్మాయి రాగానే కాళ్ళు కూడా కడుక్కోనివ్వకుండా ఇదంతా చెప్పేశాను. కుమ్మరి, పట్టు, వడిసెల, అన్నీను. శ్రద్ధగానే వింది. చివర్న అడిగింది కదా, "విసుర్రాయి అంటే ఏంటమ్మా?" అని.