ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఎవరు వాడుతున్నారో ఎలా తెలుస్తుంది? 'నమ్‌పై' సర్వేతో కర్నూలు, కడప విద్యార్థులకు పనేంటి?

పైథాన్‌లో డేటా సైన్స్ నేర్చుకునేవాళ్లకు 'నమ్‌పై' కొత్త పేరేమీ కాదు. కర్నూలు ట్రిపుల్ ఐటీ అయినా, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ అయినా.. పైసా కట్టకుండా ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మరి ఎవరు వాడుతున్నారో తయారుచేసేవాళ్లకు తెలిసేదెలా? అందుకే సర్వే పెట్టారు. ఆ వివరాలు చూద్దాం..

అసలేంటీ నమ్‌పై?

లక్షల అంకెలను ఒకేసారి లెక్కగట్టే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. 2005లో ట్రావిస్ ఆలిఫంట్ మొదలుపెట్టారు. ఉదాహరణకు కర్నూలు, కడప మండలాల 30 ఏళ్ల వర్షపాతం లెక్కలు మీ దగ్గర ఉన్నాయనుకోండి. ఏ ఏడాది సగటు కంటే ఎంత తగ్గిందో కొన్ని లైన్ల కోడ్‌తో తేల్చేయొచ్చు. 2019లో విడుదలైన బ్లాక్‌హోల్ తొలి ఫొటో వెనుక కూడా నమ్‌పై ఉంది.

డౌన్‌లోడ్ లెక్క చూస్తే చాలదా?

చాలదు. ఒకే కంప్యూటర్ ఆటోమేటిక్‌గా వందసార్లు డౌన్‌లోడ్ చేయొచ్చు. అదే ఒక్క కాపీని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కాలేజీ ల్యాబ్ మొత్తానికి ఎక్కించొచ్చు. మొదటి దాంతో లెక్క పెరుగుతుంది.. రెండో దాంతో తగ్గుతుంది. లైసెన్స్ కొనాల్సిన పని లేదు కాబట్టి కొన్నవాళ్ల జాబితా కూడా ఉండదు. నేరుగా అడగడమే మార్గం.

సర్వేలో ఏం జరిగింది?

తొలి అధికారిక సర్వే 2020లో జరిగింది. అమెరికాలోని మిషిగన్, మేరీలాండ్ యూనివర్సిటీల విద్యార్థులు, అధ్యాపకులు సాయం చేశారు. 75 దేశాల నుంచి 1,200 మందికి పైగా పాల్గొన్నారు. ఇంగ్లిష్ కాకుండా మరో 8 భాషల్లో ప్రశ్నలిచ్చారు. వాటిలో హిందీ, బెంగాలీ ఉన్నాయి. తెలుగు లేదు.

మనకేంటి నష్టం?

ఇలాంటి సర్వేకు ఎక్కువగా స్పందించేది ప్రాజెక్టును దగ్గరగా గమనించేవాళ్లే. స్లో నెట్, పాత ల్యాబ్ కంప్యూటర్లు, అర్థంకాని ఇంగ్లిష్ మాన్యువల్‌తో కుస్తీ పడేవాళ్లకు సర్వే జరుగుతున్న సంగతే తెలియకపోవచ్చు. ఏ పని ముందు చేపట్టాలన్నది తేల్చుకోవడానికి ఈ జవాబులే ఆధారం. అడగందే అమ్మైనా అన్నం పెట్టదు కదా!

మనమేం చేయొచ్చు?

- సర్వే వస్తే నింపండి. పెద్ద కోడర్ కానక్కర్లేదు, కొత్తగా నేర్చుకునేవాళ్ల ఇబ్బందులే వాళ్లకు ముఖ్యం.
- 'బాగుంది, బాగాలేదు' అని వదిలేయకండి. ఏ కంప్యూటర్, ఏ వెర్షన్, ఎక్కడ ఆగిపోయారో రాయండి.
- తెలుగులో నేర్చుకోవాలంటే ఐఐటీ బాంబే 'స్పోకెన్ ట్యుటోరియల్'లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లపై తెలుగు ఆడియోతో ఉచిత వీడియో పాఠాలున్నాయి.