పావడా కట్టిన పడవ

పోయిన సంక్రాంతికి మా యింట్లో పాట్‌లక్ జరిగింది. పులిహోర, గుత్తివంకాయ, గోంగూర అన్నీ అయిపోయి అందరూ పెరుగన్నం దగ్గరికొచ్చాక, "ఈ వేసవిలో ఒక హోవర్‌క్రాఫ్ట్ కొందామనుకుంటున్నాను" అని నెమ్మదిగా ప్రకటించాను. ఒక్క క్షణం చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"అదేమిటండీ, గోల్ఫ్ బండి లాంటిదా?" అన్నారొకాయన. "రిటైరైన వాళ్ళు కాశీకి వెడతారు, లేకపోతే కొలెస్ట్రాల్ గురించి మాట్లాడుకుంటారు. నీకిదేం బుద్ధి బావా?" అన్నాడు మా బావమరిది. మా ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. ముప్ఫయ్యేళ్ళు దాటిన కాపురంలో ఆవిడ ఏమీ అనకపోవడానికి అర్థమేమిటో నాకు బాగా తెలుసు.

అందరూ వెళ్ళాక గిన్నెలు సర్దుతూ అడిగింది: "పడవెక్కనని కేప్ మేలో ఫెర్రీ కూడా ఎక్కని మనిషి మీరు. మీకు హోవర్‌క్రాఫ్ట్ ఎందుకండీ?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే దివిసీమ దాకా వెళ్ళాలి.

మాది నాగాయలంక దగ్గర చిన్న పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు పదమూడేళ్ళు. ఆ రాత్రి సంగతి మన సభ్యుల్లో ఆ ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కరలేదు. సముద్రం మైళ్ళకొద్దీ లోపలికొచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మేము ఒక డాబా మీద బతికి బయటపడ్డాం. మా మేనత్త కుటుంబం సముద్రం వైపు పల్లెలో ఉండేది. వాళ్ళేమయ్యారో చూసి రావడానికి మా నాన్నగారు మర్నాడు బయల్దేరారు.

నీళ్ళు తీశాక మిగిలింది బురద. పడవ తేలడానికి నీళ్ళు చాలవు, ఎడ్లబండి వెడితే ఇరుసు దాకా దిగిపోతుంది, మనిషి నడిస్తే మోకాలి దాకా కూరుకుపోతాడు. కొద్ది మైళ్ళ దూరానికి నాన్నగారికి మూడు రోజులు పట్టింది. వెళ్ళేసరికి చూడవలసినదేమీ మిగల్లేదు. తరవాత ఎన్నో ఏళ్ళ పాటు ఆయన ఒకటే మాట అనేవారు: "ఒక్కరోజు ముందు చేరగలిగితే ఎవరైనా దొరికేవారేమోరా." అది నిజమో కాదో ఎవరికీ తెలియదు. ఆ మాట మాత్రం నాతోపాటు విమానమెక్కి అమెరికా వచ్చింది. నీళ్ళంటే భయం కూడా వచ్చింది.

బురద మీదా నీళ్ళ మీదా ఒకేలా పోయే బండి ఉందని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. తమాషా ఏమిటంటే, దాని చరిత్రలో కొంత మన ప్లెయిన్స్‌బరోలోనే ఉంది.

మన పెరట్లో చరిత్ర

హంటర్స్ గ్లెన్‌లోనో, ఫాక్స్ రన్‌లోనో అద్దె అపార్ట్‌మెంట్‌తో అమెరికా జీవితం మొదలెట్టిన మనలో చాలామందికి ప్లెయిన్స్‌బరో అంటే రూట్ వన్ ట్రాఫిక్, మంచి స్కూళ్ళు. కాస్త పాతకాలం వాళ్ళకు వాకర్ గోర్డన్ పాడి క్షేత్రం. 1930లో అక్కడ 50 ఆవుల్ని రంగులరాట్నం మీద తిప్పుతూ పాలు పితికే రోటోలాక్టర్ అనే యంత్రం పెట్టారు. అంతవరకూ నాకూ తెలుసు. ఫారెస్టల్ క్యాంపస్ సంగతి మాత్రం ఆలస్యంగా తెలిసింది.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం 1951లో కొన్న ఈ ఆవరణలో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ వాళ్ళు భూమికి కొద్ది అంగుళాల ఎత్తున గాలి దిండు మీద తేలే యంత్రాలను తయారుచేసి పరీక్షించారు. థామస్ స్వీనీ అనే ఆయన ఆధ్వర్యంలో 'ఎయిర్ స్కూటర్' అనే చిన్న వాహనం, తరవాత 20 అడుగుల వ్యాసంతో పళ్ళెంలా గుండ్రంగా ఉండే మరొకటి తయారయ్యాయి. 1959 అక్టోబరులో ఈ విద్యమీద ప్రిన్స్‌టన్‌లో పెద్ద సదస్సే జరిగింది.

ఆ సంవత్సరం మహిమ అటువంటిది. అదే 1959 జూలై 25న ఇంగ్లండులో క్రిస్టఫర్ కాకరెల్ రూపొందించిన ఎస్‌.ఆర్‌.ఎన్‌.1 ఇంగ్లిష్ ఛానెల్ దాటింది. ఆయన మొదటి ప్రయోగం వింటే మన వంటింట్లోనూ చెయ్యొచ్చనిపిస్తుంది. కాఫీ డబ్బాలో పిల్లిమేత డబ్బా బోర్లించి, రెంటి మధ్య సందులోంచి గాలి ఊది, కింద తక్కెడ పెట్టి ఎంత ఒత్తిడి పుడుతోందో చూశాడు. ఇక్కడ ఇలినాయ్‌లోని నెపాన్‌సెట్ అనే పల్లెలో విలియమ్ బెర్టెల్‌సన్ అనే డాక్టరుగారు, బురదరోడ్ల మీద రోగుల దగ్గరికి వెళ్ళలేక ఇటువంటి బండి తనే కట్టుకున్నారు. అది 1959 జూలై పాప్యులర్ సైన్స్ ముఖచిత్రమయింది. ఆయన కథ చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా నాన్నగారి బాధే ఆయనదీను.

మా ఆవిడ షరతులు

కథంతా విని మా ఆవిడ మూడు షరతులు పెట్టింది. ఒకటి, ముందు ఈత నేర్చుకోవాలి. రెండు, తను కూడా పక్కన కూర్చుని చూసేదాకా చెక్కు రాయకూడదు. మూడు, గరాజ్‌లో తన కారు బయటికి పోకూడదు. అరవై దాటాక పిల్లల మధ్య నిలబడి ఈత నేర్చుకోవడం ఎలా ఉంటుందో ఇంకో సంచికలో రాస్తాను. నాలుగు నెలల్లో కొలను ఆ చివరికి చేరగలిగాను. అది చాలు.

ఇక ఎంపిక. కొత్తగా కొనాలనుకునే వారికి పనికొస్తాయని నేను నేర్చుకున్నవి రాస్తున్నాను.

హోవర్‌క్రాఫ్ట్ కింద గాలిని పట్టి ఉంచే రబ్బరు గుడ్డ అంచును 'స్కర్ట్' అంటారు. అంటే పావడా! నేను ఫోనులో "స్కర్ట్ చిరిగిందా? ఎంత పొడుగున చిరిగింది?" అని అడుగుతుంటే పక్కగదిలో మా అత్తగారు రామనామం మొదలెట్టారు. ఈ పావడాలో రెండు రకాలు ముఖ్యం. ఒకటి చుట్టూ ఒకే గొట్టంలా ఉండే సంచి రకం. చౌక, తేలిక. కాని ఒకచోట పెద్దగా చిరిగితే మొత్తం బండికే ఇబ్బంది. రెండోది విడివిడి ముక్కలు వరసగా కట్టిన రకం. ఒక ముక్క చిరిగినా మిగతావి మోస్తాయి, చిరిగినదాన్నే మార్చుకోవచ్చు. గుల్లలూ రాళ్ళూ ఉన్న తీరాల్లో తిరిగేవారికి ఇదే మేలు.

రెండోది ఇంజను. ఒకే ఇంజను, ఒకే ఫ్యానుతో గాలిలో కొంత కిందికి, మిగతాది వెనక్కి పంపేవి ఉన్నాయి. సులువైన యంత్రం. కాని లేవాలంటే ముందుకు తోసే గాలి కూడా కొంత పుడుతుంది. లేపడానికి ఒకటి, తోయడానికి ఒకటి ఉన్నవాటిలో కదలకుండా లేచి నిలబడవచ్చు. బరువూ మరమ్మతులూ ఎక్కువ. టూ స్ట్రోక్ ఇంజను తేలిక, రొద ఎక్కువ. ఫోర్ స్ట్రోక్ బరువు, పెట్రోలు పొదుపు.

మూడోది, అందరూ పొరపడేది, బరువు. నీళ్ళ మీద నిలబడ్డ హోవర్‌క్రాఫ్ట్ కింది గాలి నీటిని గుంటలా నొక్కుతుంది. బయల్దేరినప్పుడు ముందు ఒక అల లేస్తుంది. ఆ అలను ఎక్కి దాటితేనే వేగం అందుకుంటుంది. బరువెక్కువైతే ఎంత గింజుకున్నా ఆ గట్టెక్కదు. కాబట్టి సీట్లు లెక్కపెట్టకండి, పౌన్లు లెక్కపెట్టండి. నేను, మా ఆవిడ, పది గాలన్ల పెట్రోలు, లంగరు, లైఫ్ జాకెట్లు అన్నీ కలిపితే 400 పౌన్లు దాటింది. కాగితం మీద 'ఇద్దరికి' అని రాసిన బండి మాకు చాలదని అప్పుడు అర్థమయింది. (ఈ లెక్కలో ఎవరి వాటా ఎంతో ఇక్కడ రాయవద్దని ఆజ్ఞ.)

నాలుగోది, దీనికి బ్రేకుల్లేవు. గాలి మీద తేలేది కనుక మలుపులో పక్కకు జారుతుంది, ఎదురుగాలికి తలొగ్గుతుంది. ఇండియానాలో టెర్రె హోట్‌లోని నియోటెరిక్ వారి బండ్లలో గాలిని ముందుకు మళ్ళించే డొప్పలుంటాయి, వాటితో వెనక్కి కూడా నడపవచ్చు. డబ్బు పెట్టగలిగితే మంచిదే. చేత్తో కట్టుకునే ఓపికున్నవారికి ఇలినాయ్‌లోని యూనివర్సల్ హోవర్‌క్రాఫ్ట్ లాంటివారి ప్లాన్లూ కిట్లూ ఉన్నాయి. ప్లైవుడ్, ఫోమ్, ఫైబర్‌గ్లాస్ పని. నా చేతి పనితనం మా డెక్ చూసినవారికి తెలుసు గనుక ఆ ఆలోచన మానేశాను.

రెండు ప్రయాణాలు

మొదట చూసిన పాత బండి పక్క రాష్ట్రంలో. ఫోటోల్లో పెళ్ళికూతురిలా ఉంది. ఇంజను స్టార్టు చేసి చూపించారు, అద్భుతంగా మోగింది. చెక్కు పుస్తకం తీయబోతుంటే మా ఆవిడ, "ఒకసారి తిరగేసి చూపిస్తారా?" అంది. కింద పావడా ముక్కలు సగం అరిగిపోయి ఉన్నాయి, అడుగున ఫోమ్‌లోకి నీళ్ళు దిగి ఉన్నాయి. చీర కొనేముందు మడతలు విప్పి చూడాలన్న సూత్రం దేనికైనా వర్తిస్తుందని ఆవిడ నాకు దారి పొడుగునా చెప్పింది.

రెండోది డెలవేర్ బే ఒడ్డున, ఒక పెద్దాయన దగ్గర. ఆయన ప్రతి మరమ్మతూ ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. ఆటు సమయం. నీళ్ళు వెనక్కి పోయి, కనుచూపు మేర నల్లటి బురద. చూడగానే నా కాళ్ళు ఆగిపోయాయి. అదే వాసన. మా ఆవిడ నా మొహం చూసి, "వెనక్కి వెడదామా?" అంది. అక్కర్లేదన్నాను.

పెద్దాయన ముందు కూర్చున్నారు, వెనక మేమిద్దరం. ఇంజను అందుకుంది, పావడా నిండింది, బండి అడుగు కంటె తక్కువే లేచింది. ఒడ్డు దాటి, బురద మీదికి, బురద దాటి నీళ్ళలోకి పోయాం. ఎక్కడ నేల అయిపోయిందో, ఎక్కడ నీళ్ళు మొదలయ్యాయో కుదుపు కూడా తెలియలేదు. మైలు దూరం రెండు మూడు నిమిషాలు. వెనక్కి తిరిగి చూస్తే బురద మీద మా జాడ సన్నటి చారలా ఉందంతే. బండి బరువంతా ఇంత వైశాల్యం మీద పరుచుకుంటుంది గనుక చదరపు అంగుళానికి పడేది పౌనులో పదో వంతు. మనిషి పాదం అంతకు ఎన్నో రెట్లు నొక్కుతుంది. లెక్క నాకు ముందే తెలుసు. కళ్ళతో చూడడం వేరు. మూడు రోజులు నడిచిన మా నాన్నగారు గుర్తొచ్చారు. ఇంజను రొదలో నేను ఏడ్చినా ఎవరికీ వినపడలేదు. మా ఆవిడ చెయ్యి మాత్రం నా చేతి మీదే ఉంది.

ఆ బండే కొన్నాం. పాతదే, విడిముక్కల పావడా, ఫోర్ స్ట్రోక్ ఇంజను. ఇద్దరం కూర్చున్నా గట్టెక్కుతుంది.

కొన్నవారు గుర్తుంచుకోవలసినవి ఇంకొన్ని. చట్టం దృష్టిలో ఇది పడవే. మోటార్ వెహికిల్ వారి దగ్గర రిజిస్ట్రేషను, నడిపేవారికి బోటు సేఫ్టీ సర్టిఫికెట్, లైఫ్ జాకెట్లు, మంటలార్పే సిలిండరు కావాలి. మన పక్కనే ఉన్న కార్నెగీ లేక్, డెలవేర్ రారిటన్ కాలువ దీనికి పనికిరావు. అక్కడ పెట్రోలు ఇంజన్లకు ప్రవేశం లేదు. ఉండకూడదు కూడా, ఈ రొదకి కొంగలన్నీ లేచిపోతాయి. ట్రెయిలర్ మీద బే దాకా లాక్కుపోవాలి. ఉప్పునీళ్ళలో తిరిగిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడగాలి. మూడో షరతు ప్రకారం గరాజ్ బయట ఉన్నది నా కారు.

మన దేశంలో కోస్ట్ గార్డుకు 2000 సంవత్సరం నుంచి హోవర్‌క్రాఫ్టులు సమకూరాయి. రామేశ్వరం దారిలో మండపం దగ్గర వాటిని చూడవచ్చు. మొన్న ఇండియా వెళ్ళినప్పుడు నాగాయలంకలో మా అన్నయ్యకు మా బండి ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, "నాన్న ఉంటే ఎక్కేవాడ్రా" అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

వేసవిలో ఎవరైనా సరదాపడితే రండి. ఒక్కసారికి ఒక్కరినే ఎక్కించగలను. దయచేసి భోజనానికి ముందే రండి, పౌన్లు లెక్క ఉంది.