తీగలోని రొద – తప్పుల సవరణ

రాగి టెలిఫోను తీగపై బ్రాడ్‌బ్యాండు సేవ మన దేశమున 2005 జనవరిలో బి.యస్.యన్.యల్. ద్వారా విస్తృతముగా ప్రారంభమైనది. ఎక్స్చేంజి ప్రక్కవీధిలోని ఇంటికి సమాచారము వడిగా అందెడిది. అదే మోడెమును అడవి అంచున, నాలుగైదు కిలోమీటర్ల దూరముననున్న పాఠశాలలో పెట్టినచో వడి పడిపోయెడిది. దగ్గరలో బోరుమోటారు వేసిన క్షణమున సంబంధము తెగిపోవుటయు కలదు. పరీక్ష దరఖాస్తు సగము నింపిన విద్యార్థికి అది చిన్న నష్టము కాదు.

తీగ పొడవైనకొలది సంకేతము క్షీణించును. పౌనఃపున్యము ఎక్కువైనకొలది ఆ క్షీణత మరింత హెచ్చును. రొద మాత్రము అంతటను ఉండును. కనుక ప్రశ్న ఇది: రొదకంటె సంకేతము ఎన్ని రెట్లు బలముగా ఉన్నది? ఆ నిష్పత్తియే తీగ మోయగల సమాచారమునకు హద్దు నిర్ణయించునని క్లాడ్ షానన్ 1948లో నిరూపించెను.

ఈ హద్దును చేరుటకు 1990 ప్రాంతమున రెండు పద్ధతులు పోటీపడినవి. ఒకటి, సమాచారమునంతను ఒకే వాహకతరంగముపై పంపుట. రెండవది, తీగలోని పౌనఃపున్యములను 4.3125 కిలోహెర్ట్జుల వెడల్పుగల 256 సన్నని గదులుగా విభజించి, ప్రతి గదిలోను అక్కడి రొదను బట్టి కొన్ని బిట్లు మాత్రమే నింపుట. రెండవదియే ప్రమాణముగా నిలిచినది. దాని సుగుణము ఒక ఉదాహరణముతో తెలియును. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రము దశాబ్దులపాటు 738 కిలోహెర్ట్జులపై ప్రసారము చేసినది. 738ని 4.3125చే భాగించిన 171 వచ్చును. స్తంభములపై పోవు తీగ ఏరియలువలె పనిచేసి ఆ ప్రసారమును పట్టుకొన్నచో, మోడెము 171వ గదిని, దాని ఇరుగుపొరుగులను ఖాళీగా వదలి తక్కినవాటిని వాడుకొనును. రాత్రివేళ అయనమండలమున పరావర్తనము చెంది దూరపు మధ్యతరంగ స్టేషనులును వినబడును గనుక, అప్పుడు మరికొన్ని గదులు చెడును.

ఒక గదిలో ఒక బిట్టు అదనముగా పెట్టవలెనన్న సంకేతశక్తి సుమారు రెండింతలు, అనగా 3 డెసిబెల్లులు అధికము కావలెను. సాధారణముగా 6 డెసిబెల్లులు భద్రతకై మిగిల్చెదరు. తీగ తరచు తెగుచున్నదని దానిని 12 చేసినచో గదికి రెండు బిట్లు పోవును. గదులు 200, సెకనుకు 4000 సంకేతములు అయిన, నష్టము సెకనుకు 16 లక్షల బిట్లు. అయినను పాఠశాలకు తెగని తీగయే మేలని నా అభిప్రాయము.

మోటారు స్టార్టరులోని నిప్పురవ్వ, పిడుగుపాటు వేరుజాతి రొదలు. ఇవి క్షణకాలమే యుండి, వరుసగా వచ్చు బిట్లనన్నిటిని తుడిచివేయును. ఇందుకు మందు రీడ్–సాలమన్ సంకేతనము. 239 బైట్ల సమాచారమునకు లెక్కగట్టిన 16 బైట్లు చేర్చి 255గా పంపినచో, అందు ఎక్కడ చెడినను 8 బైట్ల వరకు సరిచేయవచ్చును. కాని సెకనుకు 20 లక్షల బిట్ల వడిలో ఒక్క సంకేతము చెడినను సుమారు 62 బైట్లు పోవును. అప్పుడేమి చేయవలెను?

నల్లబల్లపై ఈ నాలుగు పేర్లు వ్రాయుడు:

గో దా వ రి
ప ర్ణ శా ల
మ ణు గూ రు
అ శ్వా పు రం

అడ్డముగా పంపునపుడు వరుసగా నాలుగక్షరములు పోయిన ఒక పేరు పూర్తిగా మాయమగును. అది ఏదో ఎవ్వరును చెప్పలేరు. నిలువుగా పంపుడు: గో, ప, మ, అ, దా, ర్ణ... ఇప్పుడు రెండవ నిలువు వరుస అంతయు పోయినను గో–వరి, ప–శాల, మ–గూరు, అ–పురం మిగులును. పిల్లలే పూరింపగలరు. మోడెము చేయునదియు ఇదియే: ఆ 62 బైట్లను ఎనిమిది పంక్తులకు పంచిన ఒక్కొక్కదానికి ఎనిమిదికి మించవు.

అయితే మొదటి పేరు పూర్తి కావలెనన్న పదమూడవ అక్షరము వరకు ఆగవలెను. ఎనిమిది పంక్తులు పోగగుటకు అదే వడిలో 8 మిల్లీసెకనులు పట్టును. చలనచిత్రము చూచువానికి ఇది లెక్కలోనిది కాదు. పంక్తులను ఇంకను పెంచినచో ఎదురెదురుగా మాటలాడువారికి తెలియవచ్చును.

కేబులు మోడెముల చిక్కు వేరు. కిన్నెరసాని, తాలిపేరు గోదావరిలో కలిసినట్లు, ఇండ్లన్నిటినుండి వచ్చు రొద ఒకే కేంద్రమునకు చేరును. అందుచే క్రిందికి వచ్చు మార్గమున సంకేతమునకు ఆరు లేక ఎనిమిది బిట్లు పంపినను, పైకి పోవు మార్గము చెడినప్పుడు రెంటికి దిగవలసి వచ్చును.

తీగ చేరని గూడెములకు ఉపగ్రహమే దిక్కు. 36,000 కిలోమీటర్లు ఎక్కి దిగుటకు సుమారు పావుసెకను. “చెడినది, మరల పంపుము” అని కోరి తిరిగి పొందుటకు మరి అరసెకను. కనుక అక్కడ మరల అడుగుటకంటె, సవరణకు కావలసిన అదనపు బిట్లను ముందే పంపుట తెలివి. గాజుతంతువునకు మోటారు రొద, పిడుగుల రొద అంటవు. అయినను మన ఇండ్లకు వచ్చు గాజుతంతు వ్యవస్థలలో సైతము 239కి 16 చేర్చు ఆ లెక్కయే దూరపు క్షీణతను తట్టుకొనుటకు నిలిచియున్నది.

పై పట్టికకు దుమ్ముగూడెం అను అయిదవ పేరును చేర్చి నిలువుగా పంపుడు. వరుసగా అయిదక్షరములు కొట్టివేసిన పేరుకొక్కటియే పోవును. ఆరు కొట్టివేసిన ఏ పేరు రెండక్షరములు కోల్పోవునో, అది మొదలుపెట్టిన చోటును బట్టి ఎట్లు మారునో విద్యార్థులు కనుగొనవచ్చును.