కార్డులో ఖాళీ గడి

మొన్న మా చిన్నదాని స్కూల్లో టీకాల కార్డు తెమ్మన్నారు. బీరువాలో పట్టుచీరల అడుగునుంచి తీసి చూద్దును కదా, ఏడాదిన్నర దాకా వరసగా తేదీలున్నాయి. ఐదేళ్ల గడి మాత్రం ఖాళీ! దానికిప్పుడు ఆరేళ్లు నిండాయి. ఇల్లు మారడం, కొత్త స్కూలు... ఆ హడావిడిలో మరచేపోయాను. డిగ్రీ చదివి, కథలు రాసి ఏం లాభం అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"అవన్నీ పాతకాలం జబ్బులు. ఇప్పుడెక్కడున్నాయి?" అన్నారు మావారు, పేపర్లోంచి తలెత్తకుండానే.

కూర తరుగుతున్న అత్తయ్య చేయి ఆగింది. "మా తమ్ముడు కంఠసర్పితోనే పోయాడురా. నాలుగేళ్లవాడు. గొంతు నొప్పంటే అమ్మ మిరియాల కషాయం పట్టింది. మూడోనాటికి మెడ వాచి, ఊపిరాడక..." ఆపైన ఆవిడ మాట్లాడలేదు. నా పెళ్లయి పదిహేనేళ్లయినా ఆ తమ్ముడి సంగతి నేనెప్పుడూ వినలేదు.

కంఠసర్పి అంటే డిఫ్తీరియాయే. దగ్గు, తుమ్ముల తుంపర్లతో అంటుకుంటుంది. గొంతు నొప్పి, కొద్దిపాటి జ్వరంతో మొదలై గొంతులో బూడిదరంగు పొర కడుతుంది. అది ఊపిరికి అడ్డుపడుతుంది. సూక్ష్మజీవి వదిలే విషం గుండెనూ, నరాలనూ దెబ్బతీస్తుంది. విరుగుడు మందు ఉంది గానీ, ఆలస్యమైతే అప్పటికే జరిగిన హాని పోదు. అందుకే గొంతులో పొర కనిపించినా, మెడ వాచినా చిట్కాలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

పాతకాలం జబ్బేమీ కాదు. 2003 నుంచి 2006 దాకా హైదరాబాదు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో దీనితో వందలమంది చేరారు. వాళ్లలో ఎక్కువమంది ఐదేళ్లు దాటినవాళ్లే! పసితనంలో వేసిన టీకా బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది మరి. అందుకే ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేయించాక, ఏడాదిన్నరకు ఒకటి, ఐదారేళ్లకు ఒకటి, తర్వాత పదికీ, పదహారుకీ టీడీ వేయించాలి. ప్రభుత్వాసుపత్రుల్లో ఇవన్నీ ఉచితమే.

మర్నాడే దాన్ని తీసుకెళ్లాను. "ఏడేళ్లు నిండకముందే వచ్చారు కదా, డీపీటీయే వేస్తాం. దాటితే టీడీ వేస్తాం. ఆలస్యమైందని మానెయ్యకూడదమ్మా" అంది నర్సు.

ఆ రాత్రి చిన్నదానికి కాస్త ఒళ్లు వెచ్చబడింది. అత్తయ్య దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నారు. నేనెంత చెప్పినా పడుకోలేదు.

మీ పిల్లల కార్డు ఏ చీరల అడుగునుందో, ఇవాళే ఓసారి తీసి చూడండి.