పిండిపదార్థము తగ్గించినవారి ఉదయపు ఫలహారము

వైద్యుడు రక్తపరీక్ష కాగితము చూచి, "అన్నము, ఇడ్లీలు, ఉప్మా తగ్గించండి" అని చెప్పి పంపును. రోగి తల యూపి ఇంటికి వచ్చును. మరునాడు ఉదయము ఏడు గంటలకు వంటయింటిలో ఉన్న ఇల్లాలికి అసలు ప్రశ్న ఎదురగును. తగ్గించుమన్నారు, సరే, ఆ స్థానమున ఏమి పెట్టవలెను? దీనికి జవాబు దొరకక కొన్ని ఇండ్లలో నాలుగు బిస్కెట్లతోను, కొన్ని ఇండ్లలో వట్టి కాఫీతోను ఆ పూట గడచిపోవుచున్నది.

ఇది ఏ ఒకరిద్దరి ఇంటి సమస్యయో కాదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ప్రకారము మన దేశమున మధుమేహము ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షలమంది. ఆ వ్యాధి వాకిటి వరకు వచ్చి నిలిచినవారు మరి 13 కోట్ల 60 లక్షలమంది. ఆ సర్వేలోని ఆహార వివరములు 2025లో ప్రకటింపబడినవి. మనము తిను ఆహారము వలన కలుగు శక్తిలో నూటికి 62 వంతులు పిండిపదార్థముల నుండియే వచ్చుచున్నదని అందు తేలినది.

పిండిపదార్థములను తగ్గించి తినుట నేటి వింత కాదు. లండను నగరమున అంత్యక్రియలు జరిపించు వృత్తిలో ఉండిన విలియం బాంటింగు అను ఆయన స్థూలకాయముతో బాధపడి, డాక్టరు విలియం హార్వీ సలహాపై రొట్టె, చక్కెర, బంగాళాదుంప, బీరు మానుకొనెను. ఏడాది కాలములో సుమారు 20 కిలోల బరువు తగ్గి, తన అనుభవమును 1863లో చిన్న పుస్తకముగా అచ్చువేసెను. ఉదయమున మాంసమో చేపయో, పాలు చక్కెర లేని తేనీరు, ఒక ఔన్సు కాల్చిన రొట్టె, ఇది ఆయన ఫలహారము. ఆయన ఊరికి అది తగియుండెను. మన వంటయింటి సరకులు వేరు. నేడు ఈ పథ్యము చెప్పువారు పరదేశపు జాబితా చేతికిచ్చి అవకాడో పండు తెమ్మనుచున్నారు. అంత దూరము పోనక్కరలేదు, పెసల డబ్బా మూత తీసిన చాలును.

సాధారణముగా దినమునకు 130 గ్రాములకు లోపుగా పిండిపదార్థము తినుటను ఈ పథ్యముగా లెక్కించుచున్నారు. అందులో ఉదయపు పూటకు 20 మొదలు 30 గ్రాముల వరకు కేటాయించుకొన్నచో తక్కిన రెండు పూటలకు ఇబ్బంది ఉండదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన ఆహార పట్టికలను ముందు పెట్టుకొని లెక్క చూతము. (ఈ సంస్థ 1958లో కూనూరు నుండి హైదరాబాదునకు తరలివచ్చినది. మన ఊరిలోనే ఇంత పని జరిగినను మనము పట్టికలు చూచుట తక్కువ.) రెండు పాళ్ళు బియ్యపు రవ్వ, ఒక పాలు మినపపప్పు చొప్పున నాలుగు ఇడ్లీలకు సుమారు 60 గ్రాముల సరకు పట్టునని అనుకొందము. అందు పిండిపదార్థము దాదాపు 41 గ్రాములు, మాంసకృత్తులు 8 గ్రాములకు లోపు. అదే 60 గ్రాముల పొట్టు పెసలతో రెండు పెసరట్లు పోసినచో పిండిపదార్థము 28 గ్రాములు, మాంసకృత్తులు 13 గ్రాములు పైబడి, వీటికి తోడు 10 గ్రాముల పీచు. పీచు, మాంసకృత్తులు ఉన్న చోట పిండి నెమ్మదిగా అరుగును. రక్తములో చక్కెర ఒక్కసారిగా పైకెగయదు.

ఈ లెక్కలో ఒక హెచ్చరిక కూడ ఉన్నది. పెసరట్టు తక్కువే కాని శూన్యము కాదు. మంచిది కదా యని నాలుగు అట్లు తిన్నవానికి ఇడ్లీ తిన్నవానికంటె ఎక్కువ పిండి చేరును. కరకరలాడుటకై పిండిలో గుప్పెడు బియ్యము వేయు అలవాటును మానవలెను. బియ్యము లేకున్నను పెనము బాగుగా కాగినచో అట్టు విరుగక వచ్చును. లోపల ఉప్మా పెట్టిన పెసరట్టు ఎంత రుచియైనను ఈ పథ్యమునకు పనికిరాదు. ఆ రవ్వ గోధుమపిండికి తోబుట్టువు. ప్రక్కన వేయు అల్లపు పచ్చడిలో బెల్లము ఉండునని చాలమందికి గుర్తుండదు. దానికి బదులు కొబ్బరి పచ్చడియో, వేరుసెనగ పచ్చడియో చేసికొనవచ్చును.

నా దృష్టిలో ఉత్తమమైన కూర్పు ఒక పెసరట్టు, రెండు కోడిగుడ్లు. గుడ్డులో పిండిపదార్థము ఒక గ్రాముకంటె తక్కువ. మాంసకృత్తులు ఆరు గ్రాములు. ఉల్లిపాయ, పచ్చిమిరప, ఒక గుప్పెడు మునగాకు లేక తోటకూర వేసి పొరటుగా చేసినచో పావుగంటలో సిద్ధమగును. గుడ్డు తిననివారికి ఒక కప్పు పెరుగు, వేయించిన వేరుసెనగ గింజలు. 30 గ్రాముల గింజలలో పిండిపదార్థము అయిదు గ్రాములే, మాంసకృత్తులు ఏడు. పెరుగును పలుచని గుడ్డలో మూటగట్టి రాత్రి వ్రేలాడదీసినచో నీటితో పాటు పాలచక్కెరలో కొంత దిగిపోవును. మిగిలిన గడ్డపెరుగులో జీలకర్రపొడి, కీరదోస తురుము కలిపి తినవచ్చును. కోస్తా ఇండ్లలో గుగ్గిళ్ళు, తెలంగాణములో గుడాలు అని పిలుచు ఉడికించిన సెనగలు, బొబ్బర్లు ఈ పథ్యమునకు చిన్న కప్పు మోతాదులో తగును. బియ్యము కలపని మినపపిండితో చేసిన గారెలు రెండు తినుట తప్పు కాదు గాని, నూనె సంగతి మరువరాదు. ఉప్మా లేనిదే తోచనివారు కాలీఫ్లవరును తురిమి, అదే పోపుతో, అల్లము కరివేపాకులతో చేసి చూడవచ్చును. ఉప్మాకు అది సమానమని నేను చెప్పను, ఆకలి తీర్చును.

రాగిజావ విషయము వేరుగా చెప్పవలసియున్నది, ఏలయనగా ఇందు మోసపోవువారే ఎక్కువ. రాగులలో సున్నము సమృద్ధిగా ఉన్నది, ఆ గుణము కాదనరానిది. కాని రాగిపిండిలో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. ఓట్సులోను ఇంచుమించు అంతే. మెత్తగా విసరి జావ కాచినప్పుడు అది మరింత త్వరగా అరిగి రక్తమున చేరును. పైన చెప్పిన 2025 పరిశోధనలో కూడ, పాలిష్ బియ్యమునకు బదులు గోధుమపిండియో చిరుధాన్యపు పిండియో తిన్నంత మాత్రమున మధుమేహపు ముప్పు తగ్గినట్లు కనబడలేదు. మొత్తము పిండిపదార్థమును కొంత తగ్గించి, ఆ చోట పప్పుదినుసులు, పాలపదార్థములు, గుడ్లు వంటివి చేర్చినప్పుడు ముప్పు తక్కువగా కనబడినది.

ఉదయపు పూటనే ఇంత పట్టుదల ఎందుకని కొందరడుగుదురు. తెల్లవారుజామున కార్టిసాలు వంటి హార్మోనులు పెరిగి, కాలేయము నిలువ చక్కెరను రక్తములోనికి వదలును. అందుచేత మధుమేహము ఉన్న అనేకులకు నిద్ర లేచునప్పటికే చక్కెర ఎక్కువగా ఉండును. ఆ సమయమున నాలుగు ఇడ్లీలు, రెండు చెంచాల చక్కెర వేసిన కాఫీ పడినచో, ఆ దినమునకెల్ల పెద్ద పెరుగుదల అప్పుడే సంభవించును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. మా పెదనాన్నగారు తన డెబ్బదియవ యేట ఈ పథ్యము మొదలుపెట్టిరి. ఎవరికిని చెప్పలేదు. ఇడ్లీలు మాని ఒక గుడ్డు తిని, ఎప్పటివలెనే గ్లిమెపిరైడ్ మాత్ర వేసికొని బజారుకు వెళ్ళిరి. పదకొండు గంటలకు కూరల అంగడి యొద్ద ఒళ్ళంతయు చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడినది. అంగడివాడు తెలివి గలవాడు గనుక చక్కెర నీళ్ళు త్రాగించెను. ఆ మాత్రయు, ఇన్సులిను సూదియు, తిన్న పిండికి తగినట్లు కాక తమ మోతాదు ప్రకారమే చక్కెరను దించును. తిండి సగమై మందు సగము కానప్పుడు ప్రమాదము తప్పదు. కాబట్టి ఇన్సులిను గాని, ఈ తరగతి మాత్రలు గాని వాడువారు ముందుగా వైద్యునితో మాటలాడి మోతాదు సరిచేయించుకొనిన పిమ్మటనే ఫలహారము మార్చవలెను. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడువారు పిండిపదార్థమును మరీ తగ్గించినచో, రక్తములో చక్కెర మామూలుగా కనబడుచున్నను కీటోనులు పెరిగి ప్రాణాపాయము కలుగవచ్చును. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు మాంసకృత్తులు పెంచుకొనుటకు ముందు అడుగవలెను. గర్భిణులు, ఎదుగు పిల్లలు తమంత తాముగా దీనిని చేపట్టరాదు.

చెమట, వణకు, కంగారు కనిపించిన వెంటనే, మనిషి స్పృహలో ఉన్నచో, మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించి, పదునైదు నిమిషముల తరువాత రక్తము మరల పరీక్షింపవలెను. స్పృహ లేనివాని నోట ఏమియు పోయక, ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మార్పు చేసిన మొదటి రెండు వారములు ఫలహారమునకు ముందును, తిన్న రెండు గంటల తరువాతను చక్కెర చూచుకొని, తిన్నదానితో సహా ఒక పుస్తకమున వ్రాసిపెట్టుట మేలు. ఒకరికి రెండు పెసరట్లు సరిపడును, మరియొకరికి ఒకటే ఎక్కువ. ఆ పుస్తకము చూచి వైద్యుడు మందు మోతాదు నిర్ణయించును. ఇల్లాలికి రెండు వంటల శ్రమ కలుగకుండ, రాత్రి ఇంటిల్లిపాదికిని కలిపి పెసలు నానబోయవచ్చును. పథ్యము ఉన్నవారికి ఒక అట్టు, ప్రక్కన గుడ్డు. పిల్లలకు అదే పిండితో, కావలసినచో ఉప్మాతో.