రాత్రి పడక నుంచి సొంత గడప దాకా

జనాభా లెక్కల పరిభాషలో ఇల్లు లేనివారంటే రోడ్ల పక్కన, ఫుట్‌పాత్‌ల మీద, వంతెనల కింద, సిమెంటు గొట్టాల్లో, మెట్ల కింద, గుడి ఆవరణల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద రాత్రి గడిపేవారు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి జరిపిన గణనలో అటువంటివారు దేశంలో సుమారు 17.7 లక్షల మంది ఉన్నారని, వారిలో సగానికి పైగా పట్టణాల్లోనే ఉన్నారని తేలింది. ఎవరైనా తరిమితే పక్క సందులోకి మారిపోయే మనుషులను ఒక్క రాత్రిలో లెక్కపెట్టడం అయ్యే పని కాదు గనుక, అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువేనని ఈ రంగంలోని స్వచ్ఛంద సంస్థలు వాదిస్తాయి.

ఈ లక్షల మందిని ఒకే గాటన కట్టడం పొరపాటు. వారిలో ఎక్కువమంది అడ్డా కూలీలు, హమాలీలు, రిక్షా తొక్కేవారు, చెత్త ఏరుకునేవారు. పగలంతా కష్టపడి సంపాదించినా నగరంలో గది అద్దె భరించలేక, ఊరికి నాలుగు రూపాయలు పంపాలని ఆరుబయట పడుకునేవారు. వీరికి కావలసినది శుభ్రమైన పడక, స్నానానికి నీళ్లు, సామాను దాచుకునే తాళం పెట్టె. మరికొందరి పరిస్థితి వేరు. మానసిక వ్యాధి వల్లనో, ఇంట్లో హింస వల్లనో, అయినవారు వదిలేయడం వల్లనో ఊరితోనూ మనుషులతోనూ తెగిపోయినవారికి పడక ఆరంభం మాత్రమే అవుతుంది. ఆ తర్వాతి దారి పొడవునా తోడు నడవడమే దాతృత్వ సంస్థల అసలు పని.

పడకల బాధ్యత చట్టరీత్యా ప్రభుత్వానిదే. ఆహార హక్కు వ్యాజ్యంలో 2010లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్న తర్వాత, 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ ప్రతి లక్ష పట్టణ జనాభాకు వంద మందికి సరిపడే శాశ్వత ఆశ్రయం ఉండాలని ప్రమాణం పెట్టింది. హైదరాబాద్ సహా అనేక నగరాల్లో భవనం కార్పొరేషన్ ఇస్తే నిర్వహణ స్వచ్ఛంద సంస్థలు చూస్తున్నాయి. చలికాలంలో దుప్పట్లు పంచి ఫొటోలు దిగేవారికి ఏ నగరంలోనూ కొదవ లేదు గానీ, ఆశ్రయంలో ఏడాది పొడవునా కేర్‌టేకర్ జీతం భరించే దాతలు మాత్రం అరుదు.

ఆశ్రయంలో చేరిన మనిషికి మొదట ఎదురయ్యే గోడ కాగితాలది. చిరునామా లేనిదే ఆధార్ రాదు, ఆధార్ లేనిదే రేషన్, బ్యాంకు ఖాతా, పింఛను కదలవు. ఎటువంటి పత్రమూ లేనివారి కోసం ఆధార్ నమోదులో పరిచయకర్త అనే ఏర్పాటు ఉంది. అంటే అధికారికంగా గుర్తింపు పొందిన ఒక వ్యక్తి ‘ఈ మనిషి నాకు తెలుసు’ అని పూచీ పడితే నమోదుకు వీలవుతుంది. రోడ్డు మీది మనిషి కోసం అలా పూచీ పడేవారు దొరకడమే కష్టం. సంస్థల కార్యకర్తలు ఆ మనిషి వెంట కార్యాలయాల చుట్టూ తిరగడం బయటికి కనిపించని సేవ.

మతిస్థిమితం కోల్పోయి రోడ్ల వెంట తిరిగేవారి విషయంలో ఈ సేవ ఎంత దూరం వెళ్లగలదో ముంబైలోని శ్రద్ధా పునరావాస సంస్థ చూపించింది. మానసిక వైద్యులైన భరత్ వట్వానీ, స్మిత దంపతులు 1988లో దీన్ని స్థాపించారు. మురికి కాలువలోని నీటిని కొబ్బరి చిప్పతో ముంచుకు తాగుతున్న ఒక యువకుణ్ని తీసుకువచ్చి చికిత్స చేయగా, అతను ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పట్టభద్రుడని తెలిసింది. ఆ అనుభవమే సంస్థకు దారి చూపిందని వట్వానీ చెబుతూ వచ్చారు. తర్వాతి కాలంలో కర్జత్‌లో పెద్ద కేంద్రం ఏర్పడింది, వేలాది మంది ఇళ్లకు చేరారు, 2018లో వట్వానీకి రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

అటువంటి కేంద్రాల్లో పని చాలా మామూలు విషయాలతో మొదలవుతుంది. జడలు కట్టిన జుట్టు తీయాలి, పుళ్లు కడగాలి, గజ్జికి మందు రాయాలి, కడుపునిండా అన్నం పెట్టాలి. భ్రమలను, చెవిలో వినిపించే మాటలను తగ్గించే మందులు సాధారణంగా కొన్ని వారాల్లో పని చేస్తాయి. అప్పుడు మనిషి తన పేరు, తల్లి పేరు, ఊరి చెరువు పేరు ఒక్కొక్కటిగా చెప్పడం మొదలుపెడతాడు. వేరే రాష్ట్రంలో దొరికిన తెలుగు మనిషి దగ్గర తెలుగులో మాట్లాడేవారు లేకపోతే ఆ మాటలు గొణుగుడుగానే మిగిలిపోతాయి. భాష తెలిసిన కార్యకర్త ఉంటే ఊరిని బట్టి మండలం, మండలాన్ని బట్టి పోలీస్ స్టేషన్, అక్కడి నుంచి సర్పంచ్, చివరికి అన్నో తమ్ముడో ఫోన్‌లోకి వస్తారు. ఇంటికి చేర్చాక కూడా మందులు ఆగకుండా చూడాలి. ఆపితే జబ్బు తిరగబెట్టి, మనిషి మళ్లీ రోడ్డెక్కే ప్రమాదం ఉంది.

అయితే ఇంటికి చేరడాన్నే విజయంగా లెక్కగట్టడంలో ఒక లోపం ఉంది. ఎన్నో ఏళ్ల తర్వాత తిరిగివచ్చిన కొడుకును తల్లి అక్కున చేర్చుకుంటుంది గానీ, మతి తప్పి వెళ్లిపోయిందని పేరుపడిన కోడలికి అత్తిల్లు తలుపు తీయదు, పుట్టిల్లు పరువు అంటుంది. జబ్బు నయమైనా తీసుకువెళ్లేవారు లేక మానసిక ఆసుపత్రుల్లోనే ఏళ్లు గడిపే స్త్రీలు ఎందరో. కుటుంబం లేదనో, ఇల్లు లేదనో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచేయరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 19వ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నది, కానీ బయటికి పంపితే ఎక్కడికి అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఈ ప్రశ్నకు చెన్నైలోని బన్యన్ సంస్థ ఇచ్చిన సమాధానం గట్టిది. వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ 1993లో నిరాశ్రయ స్త్రీల కోసం దీన్ని ప్రారంభించారు. ఇంటికి వెళ్లే దారి లేనివారి కోసం సంస్థ తర్వాత హోమ్ అగైన్ పద్ధతి తెచ్చింది: నలుగురైదుగురు స్త్రీలు మామూలు వీధిలో అద్దె ఇంట్లో కలిసి ఉంటారు, వండుకుంటారు, సంతకు వెళతారు, వీలైనవారు పనికి పోతారు, అవసరమైనంత మేరకు ఒక సహాయకురాలు తోడు ఉంటుంది. ఏ కూర వండాలన్నది తామే నిర్ణయించుకోవడం చిన్న విషయంగా కనిపించవచ్చు. ఏళ్ల తరబడి గంట కొడితే పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడిన మనిషికి కోలుకోవడమంటే అదే.

మనిషి ముందు బాగుపడితేనే ఇల్లు అన్న పాత క్రమాన్ని న్యూయార్క్‌లో 1992లో మొదలైన ‘హౌసింగ్ ఫస్ట్’ విధానం కూడా తలకిందులు చేసింది. ముందు ఇల్లు, ఆ తర్వాత ఇష్టమైతే చికిత్స అన్నది దాని సూత్రం. ఫిన్లాండ్ 2008 నుంచి దీన్ని జాతీయ విధానంగా అమలు చేసి దీర్ఘకాల నిరాశ్రయతను బాగా తగ్గించింది. అక్కడ ఇళ్లు సమకూర్చడానికి ప్రభుత్వ నిధులు కలిసివచ్చాయి. దాతల చందాలతో నడిచే సంస్థ అంత భారం ఒంటరిగా మోయలేదు.

పాఠకులు చేయగలిగినది మాత్రం కొంత ఉంది. అదే 2017 చట్టంలోని 100వ సెక్షన్ ప్రకారం, మానసిక వ్యాధితో తన్ను తాను చూసుకోలేక తిరుగుతున్న వ్యక్తిని రక్షణలోకి తీసుకుని, 24 గంటలలోగా దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చవలసిన బాధ్యత పోలీసులదే. బస్టాండు దగ్గర రోజూ కనిపించే అటువంటి మనిషి గురించి స్థానిక పోలీస్ స్టేషన్‌లో సమాచారం ఇవ్వండి. కోలుకున్నవారి కోసం ఏదైనా సంస్థ అద్దె ఇల్లు అడుగుతూ మీ గుమ్మం ముందు నిలబడితే, మాట్లాడకుండానే లేదని పంపేయకండి.