నాలుగు ఈతలు, ఒక లెక్క

ఎండాకాలం సెలవుల్లో మీలో ఎంతమంది బావిలో ఈత నేర్చుకున్నారు? ఎండిన ఆనపకాయ బుర్రను నడుముకు కట్టుకొని, గట్టుమీది మామయ్య "దుంకు" అని గదమాయిస్తే కళ్లు మూసుకొని దూకినవాళ్లు కొందరైనా ఉండే ఉంటారు. నా చిన్నతనంలో మా ఉట్నూరు ప్రాంతపు పిల్లలందరికీ ఈతబడి అదే.

మా జట్టులో ఒకడికి పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడి పోయింది. నడిచేటప్పుడు ఆ కాలు మడత పడకుండా మోకాలిపైన చేయి ఆనించుకొనేవాడు. బడిలో ఆటల పీరియడు వచ్చిందంటే మా చొక్కాలకు, పలకలకు కాపలా వాడే. బావిలో మాత్రం అలా కాదు. మెట్ల దగ్గర మొదలుపెట్టి అవతలి గోడను ముట్టుకొని తిరిగి రావాలని పందెం వేస్తే, మాకంటే ఒకటి రెండు బారలు మాత్రమే వెనకబడేవాడు. ఒకసారి మాలో ఒకడు కొత్త నియమం పెట్టాడు: వాడు తప్ప మిగతా వాళ్లందరూ కాళ్లకు తువ్వాలు కట్టుకొని ఈదాలి. (మీరు ఎన్నడూ ఇలా చేయకండి, ప్రాణం మీదికి వస్తుంది.) ఆ రోజు పందెం వాడే గెలిచాడు. గెలిచి, మెట్టుమీద కూర్చొని ఏడ్చినంత పని చేశాడు. "కాళ్లు ఇప్పుండ్రి రా! గిట్ల గెలిస్తే గెలిచినట్టు గాదు" అన్నాడు. విప్పితే నువ్వు ఓడిపోతావు కదా అని మేము. ఆ తగాదా ఆనాడు తేలలేదు.

అంగవైకల్యం ఉన్న ఈతగాళ్ల పోటీలు నడిపేవారి ముందున్నదీ ఇదే ప్రశ్న. శరీరాలు వేరువేరుగా ఉన్నప్పుడు పందెం న్యాయంగా ఉండాలంటే ఎవరిని ఎవరి పక్కన నిలబెట్టాలి? ఈ ప్రశ్న అన్నిటికంటే చిక్కుగా ఎదురయ్యేది మెడ్లీ అనే పోటీలో.

ముందు నీటి సంగతి చూద్దాం. నేలమీద కుంటుతూ నడిచే మా స్నేహితుడు నీళ్లలో మాతో సమానంగా ఎలా ఈదాడు? దీనికి జవాబు మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. మునిగిన వస్తువును, అది తొలగించిన నీటి బరువుకు సమానమైన బలం పైకి నెడుతుందని ఆర్కిమెడిస్ చెప్పాడు. మన శరీర సాంద్రత దాదాపు నీటి సాంద్రత ఎంతో అంతే. ఊపిరి నిండా పీల్చుకొంటే దానికంటే కాస్త తక్కువ. అందుకే మెడలోతు నీటిలో నిలబడితే మన పాదాల మీద పడే బరువు సుమారు పదో వంతే. నేలమీద శరీరాన్ని మోయలేని కాలికి నీటిలో మోసే పనే ఉండదు.

అయితే నీరు ఒక చేత్తో ఇచ్చినదాన్ని ఇంకో చేత్తో పుచ్చుకొంటుంది. గాలికంటే నీటి సాంద్రత సుమారు 800 రెట్లు ఎక్కువ. కాబట్టి ముందుకు పోయేవాణ్ణి నీరు గట్టిగా నిరోధిస్తుంది. ఈ నిరోధం దాదాపుగా వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అంటే వేగాన్ని 10 శాతం పెంచుకోవాలంటే 1.1 × 1.1 = 1.21, నిరోధం 21 శాతం ఎక్కువవుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి క్షణక్షణం ఖర్చుపెట్టవలసిన సామర్థ్యమైతే 33 శాతం పెరుగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. నీరు మనను పైకి నెట్టే బలం రొమ్ము దగ్గర కేంద్రీకృతమై ఉంటుంది. బరువు కేంద్రం నడుము దగ్గర ఉంటుంది. ఈ రెండూ ఒకేచోట లేకపోవడం వల్ల కాళ్లు కిందికి దిగుతాయి. కాళ్లు ఆడించగలవాడు వాటిని పైకి తెచ్చుకొంటాడు. ఆడించలేనివాడి కాళ్లు లంగరులాగా కింద వేలాడి నిరోధాన్ని పెంచుతాయి. ఒక చేయి పొట్టిగా ఉన్నవాడి కష్టం మరో రకం. ఒక్క తెడ్డుతో పడవ నడిపి చూడండి, ముందుకు పోకుండా పక్కకు తిరుగుతుంది. ఆ తిరుగుడును కాళ్లతోనో, నడుము మెలికతోనో ప్రతి బారకూ సరిదిద్దుకొంటూ పోవాలి.

ఇప్పుడు మెడ్లీ అంటే ఏమిటో చూద్దాం. ఒకే మనిషి వరుసగా నాలుగు రకాల ఈతలు ఈదే పోటీ ఇది. మొదట బటర్‌ఫ్లై, అంటే రెండు చేతులూ ఒక్కసారి నీటిపైకి లేపి ముందుకు విసిరే సీతాకోకచిలుక ఈత. తర్వాత వెల్లకిల ఈత. మూడోది కప్ప ఈత. చివరిది ఫ్రీస్టయిల్, పేరుకు ఏ ఈతైనా ఈదవచ్చు గానీ మెడ్లీలో పై మూడింటిలో ఏదీ పనికిరాదు కాబట్టి అందరూ మన బార ఈతే ఈదుతారు. ఒక్కొక్కటి 50 మీటర్లు, మొత్తం 200 మీటర్లు.

నాలుగు ఈతలూ శరీరాన్ని నాలుగు రకాలుగా పరీక్షిస్తాయి. బార ఈతలో ముందుకు తోసే బలం ఎక్కువభాగం చేతులదే. కప్ప ఈతలో కాళ్ల తాపు చాలా పెద్ద పాత్ర వహిస్తుంది. ఇప్పుడు ఇద్దరిని ఊహించుకోండి. ఒకరికి మోచేతుల కింది భాగం లేదు. ఇంకొకరికి కాళ్లలో బలం లేదు. బార ఈతలో రెండోవాడు ముందుంటాడు. కప్ప ఈతలో మొదటివాడు పుంజుకొంటాడు. మరి వీళ్లిద్దరూ సమానులా, కాదా?

తొలిరోజుల్లో దీన్ని జబ్బు పేరును బట్టి తేల్చేవారు. వెన్నుపాము దెబ్బతిన్నవారు ఒక గుంపు, చేయో కాలో తెగినవారు ఇంకో గుంపు. 1960లో రోమ్‌లో జరిగిన మొదటి పారాలింపిక్స్ నుంచీ ఈత పోటీ ఉంది గానీ, పేరు ఏదైనా సరే, నీటిలో ఆ శరీరం ఎంత పని చేయగలదో చూసి వర్గం నిర్ణయించే పద్ధతికి 1992 బార్సిలోనా పారాలింపిక్స్ నాటికి మారారు. నిపుణులు ఈతగాణ్ణి బల్లమీద పడుకోబెట్టి కండరాల బలం, కీళ్ల కదలిక పరీక్షిస్తారు. తర్వాత నీటిలోకి దింపి చూస్తారు. ఆ తర్వాత పోటీలోనూ గమనిస్తారు.

శారీరక వైకల్యం ఉన్నవారికి బార ఈత, వెల్లకిల ఈత, బటర్‌ఫ్లై మూడింటికీ కలిపి ఎస్-1 నుంచి ఎస్-10 వరకు పది వర్గాలు. అంకె చిన్నదైన కొద్దీ వైకల్యం తీవ్రమన్నమాట. కప్ప ఈతలో కాళ్ల లెక్క వేరు కాబట్టి దానికి వేరే వర్గాలు, ఎస్‌బి-1 నుంచి ఎస్‌బి-9 వరకు. మెడ్లీలో నాలుగూ ఉన్నాయి కదా, మరి దాని వర్గం ఎలా? ఇక్కడే అందమైన చిన్న లెక్క ఉంది. నాలుగింట మూడు ఈతలకు ఎస్ అంకె వర్తిస్తుంది, ఒకదానికి ఎస్‌బి అంకె. కాబట్టి ఎస్ అంకెను 3తో గుణించి, ఎస్‌బి అంకెను కలిపి, 4తో భాగిస్తారు. మీరు తొమ్మిదో తరగతిలో చేసే భారిత సగటే ఇది!

బ్రెజిల్ దేశపు డేనియల్ డయాస్‌ను తీసుకొందాం. పుట్టుకతోనే చేతులూ ఒక కాలూ పూర్తిగా ఎదగని ఈ ఈతగాడు పారాలింపిక్స్‌లో 27 పతకాలు గెలిచాడు. వాటిలో 14 స్వర్ణాలు, అందులో 2008 బీజింగ్‌లో 200 మీటర్ల మెడ్లీ స్వర్ణం ఒకటి. ఆయన ఎస్-5, ఎస్‌బి-4. (3 × 5 + 4) ÷ 4 = 4.75. దగ్గరి పూర్ణాంకం 5. అందుకే మెడ్లీలో ఆయన వర్గం ఎస్‌ఎం-5.

మొదటి నాలుగు వర్గాల వారికి ఇంకో ఏర్పాటు ఉంది. రెండు చేతులూ నీటిపైకి లేపే బటర్‌ఫ్లై వారికి బహు కష్టం కాబట్టి దాన్ని తీసేసి, మూడు ఈతలతో 150 మీటర్లకు కుదించారు. అప్పుడు ఎస్ అంకెకు రెండు వంతులు, ఎస్‌బికి ఒక వంతు, భాగించేది 3తో.

కృత్రిమ కాలుగానీ చేయిగానీ పెట్టుకొని నీటిలో దిగకూడదు. గట్టుమీది నుంచి దూకలేనివారు నీటిలోనే మొదలుపెట్టవచ్చు. వెల్లకిల ఈత మొదట్లో కమ్మీ పట్టుకోవడానికి చేతులు లేనివారు తువ్వాలు కొసను పళ్లతో కరిచి పట్టుకొంటారు. రెండు చేతులూ లేని చైనా ఈతగాడు జెంగ్ తావ్ గోడను తలతో ముట్టుకొని పోటీ ముగిస్తాడు. వేగం తగ్గించకుండా తలతో గోడను కొట్టాలంటే ఎంత గుండెధైర్యం కావాలో ఆలోచించండి! ఆయన 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు గెలిచాడు. చూపు లేనివారికి 11 నుంచి 13, బుద్ధిమాంద్యం ఉన్నవారికి 14వ వర్గం వేరుగా ఉన్నాయి. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవన్‌జీ పోటీపడిన టి-20 వర్గం కూడా పరుగుపందేల్లో ఈ 14వ వర్గానికి సాటివచ్చేదే.

మన దేశపు ఈతగాళ్ల సంగతికి వస్తే మొదట చెప్పవలసిన పేరు మురళీకాంత్ పేట్కర్. మహారాష్ట్రలో పుట్టిన ఈ సైనికుడు సికింద్రాబాద్‌లోని సైన్యపు ఈఎంఈ దళంలో ఉంటూ బాక్సింగ్ ఆడేవాడు. 1965 యుద్ధంలో తూటాలు తగిలి కాళ్లు చచ్చుబడ్డాయి. చికిత్సలో భాగంగా ఈతకు దిగి, 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఫ్రీస్టయిల్‌ను 37.33 సెకన్లలో ఈది స్వర్ణం గెలిచాడు. పారాలింపిక్స్‌లో భారతదేశపు తొలి స్వర్ణం అదే. పద్మశ్రీ వచ్చింది మాత్రం 2018లో, 46 ఏళ్ల తర్వాత!

మెడ్లీలో మనకు పేరు తెచ్చినవారు తర్వాతి తరంవారు. పుట్టుకతోనే ఎడమచేయి సరిగా లేని బెంగళూరు యువకుడు శరత్ గాయక్వాడ్ 2014లో ఇంచియాన్ ఆసియా పారా క్రీడల్లో ఆరు పతకాలు సాధించాడు. 200 మీటర్ల మెడ్లీ రజతం అందులో ఒకటి. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో పి.టి. ఉష గెలిచినవి ఐదు. మహారాష్ట్ర షోలాపూర్ జిల్లాకు చెందిన సుయశ్ జాధవ్ పదకొండేళ్ల వయసులో కరెంటు షాకు తగిలి రెండు ముంజేతులూ పోగొట్టుకొన్నాడు. 2018 జకార్తా ఆసియా పారా క్రీడల్లో ఎస్-7 బటర్‌ఫ్లైలో స్వర్ణం, మెడ్లీలో కాంస్యం గెలిచాడు. బటర్‌ఫ్లైలో నీటిని వెనక్కి నెట్టే తెడ్డు అరచేయి, ముంజేయే కదా! అవి లేకుండా స్వర్ణమంటే మొండెపు అలలాంటి కదలికకు, కాళ్ల తాపుకు ఎంత సాధన చేసి ఉండాలో మీరే ఊహించుకోండి.

ఇంత లెక్క ఉన్నా తగాదాలు పోలేదు. నాకు మనసులో మిగిలిపోయిన సంగతి బ్రెజిల్ ఈతగాడు ఆంద్రే బ్రెజిల్‌ది. పసితనంలోనే పోలియో వల్ల ఆయన ఎడమకాలు దెబ్బతిన్నది. ఎస్-10 వర్గంలో ఈది మూడు పారాలింపిక్స్‌లో 14 పతకాలు, వాటిలో 7 స్వర్ణాలు గెలిచాడు. 200 మీటర్ల మెడ్లీలో 2008, 2012లలో రజతం ఆయనదే. వర్గీకరణ నియమాలు సవరించిన తర్వాత, 2019లో మళ్లీ పరీక్షించి ఆయనకు ఎస్-10లో పోటీపడే అర్హత లేదని తేల్చారు. ఆయన కాలు బాగుపడలేదు. కొలిచే గీత జరిగింది. అదే నీరు, అదే కాలు, నిన్నటిదాకా విజేత, నేడు పోటీకే అనర్హుడు.

నిపుణులను తప్పుపట్టడం సులభమే. కాని గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదు. వైకల్యమనేది మెట్లు మెట్లుగా ఉండదు, వాలులాగా ఉంటుంది. ఆ వాలును పది మెట్లుగా కోసినప్పుడు, ఒక మెట్టు అంచున ఉన్నవాడికి కలిసివస్తుంది, పక్క మెట్టు మొదట్లో ఉన్నవాడికి అన్యాయమవుతుంది. మెట్లు ఇంకా పెంచుదామంటే, ఒక్కో మెట్టుమీద పోటీకి ఇద్దరు ముగ్గురే మిగులుతారు. నా మటుకు, గీత మార్చిననాడు పాత గీతను నమ్మి ఏళ్ల తరబడి సాధన చేసినవారికి కొంత గడువైనా ఇవ్వవలసింది అనిపిస్తుంది. మీలో కొందరు ఒప్పుకోకపోవచ్చు.

2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ పోలియో వైరస్ ఎవరికీ సోకలేదు. కాబట్టి మా స్నేహితుడి వంటి కాలు మీ తరగతిలో కనబడదు. ఈమధ్య వాడు కలిసినప్పుడు ఈ వర్గాల లెక్కంతా కాగితం మీద వేసి చూపించాను. శ్రద్ధగా చూసి, "అయితే బావిల నా అంకె ఎంత?" అన్నాడు. నిపుణులు నీళ్లలో చూడనిదే చెప్పలేరన్నాను. "మరి మీరు గా దినం చూడకుంటనే కాళ్లు కట్టుకుంటిరి గదరా!" అని నవ్వాడు.